పాకం దగ్గర పీట

పెట్టె దించుదామని అటకెక్కి పీట దించుకుని వచ్చాను. నన్ను ఎరిగినవాళ్లకి ఇందులో వింతేమీ లేదు. ఉప్పుకని బజారుకెళ్లి చీపురు కొనుక్కుని వచ్చే మనిషిని నేను. కాకపోతే ఈసారి పెట్టెతో నిజంగానే పని పడింది. మా అప్ప పోయిన దగ్గర్నుంచీ అనకాపల్లిలో ఈ ఇంట్లో నేనొక్కర్తినే. మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప కొడుకు రవి విశాఖపట్నంలో ఉంటాడు. కిందటి వారం వాడొచ్చి, వంటింటి గట్టు మీద అడుగు నల్లబడ్డ గిన్నెల్ని ఒక్కొక్కటీ తిప్పి చూసి, "పిన్నీ, ఇంకొక్క గిన్నె మాడిందంటే నిన్నిక్కడ ఉంచను. బట్టలు సర్దుకుని ఉండు" అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదాన్ని. వాడు భయపడి అన్నాడు. పాలు పొయ్యి మీద పెట్టి, పెరట్లో మందారానికి పాదు చేస్తూ నేను ఉండిపోయిన రోజున పక్కింటి ఎస్తేరు పరుగున వచ్చి గ్యాస్ కట్టకపోయి ఉంటే, ఇది రాయడానికి నేనూ ఉండేదాన్ని కాదు, ఈ ఇల్లూ ఉండేది కాదు. ఆ సంగతి వాడికి తెలుసు. నాకూ తెలుసు.

ఈ ఇల్లంటే నాకు గొప్ప మమకారం అని చెప్పను. వానాకాలం గోడలు చెమ్మగిల్లుతాయి, వీధిలో ఆటోల రొద. కానీ ఇక్కడ ఏ వస్తువు ఎక్కడుందో నా కాళ్లకి తెలుసు. తలకి తెలియదు, కాళ్లకి తెలుసు. రవి ఇంట్లో, పాపం వాళ్లెంత బాగా చూసుకున్నా, నేను పొద్దున్న లేచి కళ్లజోడు వెతుక్కోవడంతో మొదలుపెట్టి రాత్రి దాకా వెతుక్కుంటూనే ఉంటాను. అక్కడికి వెళితే నేను మనిషిగా కాక సామానుగా మిగిలిపోతానని భయం. నా భయం నాది.

రవి భార్య సుధ నన్నో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. మతిమరుపు జబ్బేమోనని ఆ పిల్ల అనుమానం. డాక్టరమ్మ చిన్నది, నాకు మనవరాలుంటే ఆ వయసుంటుంది. ఇప్పటి సంగతులు కొన్నే అడిగి, చిన్నప్పటివి చాలా అడిగింది. బడిలో ఎలా ఉండేదానివి, పలకలు ఎన్ని పోగొట్టావు, అవతలివాళ్ల మాట పూర్తయ్యేదాకా ఆగగలిగేదానివా, ఇష్టమైన పనిలో పడితే తిండి మర్చిపోయేదానివా. అన్నీ విని, "ఇది ముసలితనంలో వచ్చిన మతిమరుపు కాదమ్మా. ఏడీహెచ్‌డీ అంటారు. పుట్టుకతోనే ఉంది. ఇన్నాళ్లూ మీరెలా నెట్టుకొచ్చారో నాకు ఆశ్చర్యంగా ఉంది" అంది. అరవై దాటిన దానికి, నువ్వు బద్ధకస్తురాలివీ కాదు, పొగరుబోతువీ కాదు అని ఒకరు చెప్పడం అదే మొదలు. సంతోషం రావాలి కదా. రాలేదు. పలక పోగొట్టినందుకు బడిలో ఎండలో నిలబడ్డ చిన్నప్పటి నన్ను తలుచుకుని ఏడుపొచ్చింది.

బీపీ చూసి తక్కువ మోతాదులో ఏదో మాత్ర రాసింది. మాత్ర సాయం చేస్తుంది గానీ అలవాట్లు కూడా మార్చుకోవాలంది. కావలసిన వస్తువు కంటికి కనపడేచోట ఉంచుకోండి, బీరువాలో పెడితే మీకది లేనట్టే. పెద్ద పనిని ముక్కలు చేసుకోండి. ఒకసారికి ఒక్క పనే. ఫోనులో అలారం పెట్టుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, పని చేసేటప్పుడు పక్కన ఎవరైనా ఊరికే కూర్చుంటే మీ పని సాగుతుంది, వాళ్లు సాయం కూడా చెయ్యక్కర్లేదు అంది. అక్కడ నాకు నవ్వొచ్చింది. ఎందుకు నవ్వుతున్నారంది. "ఇవన్నీ మా అమ్మ చేసేదమ్మా" అన్నాను. "ఆవిడకెవరు చెప్పారు?" అని అడిగింది. ఎవరు చెబుతారు? మా నాన్నతో కాపురం చేసింది, అంతే.

అటక మీంచి నేను దించుకొచ్చిన పీట ఆ అమ్మది. మామూలు వేపచెక్క పీట. ఒక పక్క కాలి బొగ్గయి ఉంది. మా ఊరు కశింకోట దగ్గర. చెరుకూ వరీ తప్ప మూడో ముచ్చట ఉండేది కాదు. చెరుకు నరికే రోజులొస్తే గానుగ పాక దగ్గరే సగం సంసారం. చెరుకు ఆడితే వచ్చే రసం మంచం అంత పెనంలో పోసి, పిప్పి ఎగదోస్తూ కాస్తారు. మడ్డి తేలుతుంది, దాన్ని తీసేస్తారు. రసం పొంగి, నురగ తగ్గి, చిక్కబడి, బుడగలు పెద్దవవుతాయి. అప్పుడొక్క క్షణం ఉంటుంది. కాస్త ముందు దించితే బెల్లం గట్టిపడదు. కాస్త ఆలస్యమైతే మాడి నల్లబడుతుంది. ఆ క్షణం పట్టుకునేవాడే పాకగాడు. చుట్టుపక్కల నాలుగూళ్లలో మా నాన్నని మించిన పాకగాడు లేడనేవారు. అదే నాలుగూళ్లలో మా నాన్న అంత పరాకు మనిషి కూడా లేడనేవారు. రెండూ నిజమే. పాకం వంక చూస్తున్నంతసేపూ ఆయనకి ప్రపంచం లేదు. అయితే ఆ చూపు ఎప్పుడు పక్కకి పోతుందో ఆయనకే తెలియదు. గానుగ తిప్పే ఇంజిను చప్పుడులో చిన్న తేడా వినపడితే చాలు, గరిట అక్కడ పెట్టి ఇంజిను దగ్గరికి పోయేవాడు.

అందుకని అమ్మ పెనానికి ఇవతల, పొగ రాని పక్కన, ఈ పీట వేసుకుని కూర్చునేది. ఏమీ చేసేది కాదు. చేట ఒళ్లో పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతూ ఉండేది. నాన్న తల తిరగ్గానే, చేటలోంచి చూపెత్తకుండానే "మావా, పాకం సూడు" అనేది. అంతే. కసురు లేదు, నస లేదు, ఒకే గొంతు. నాన్న ఉలిక్కిపడి మళ్లీ పెనం వంక తిరిగేవాడు. బెల్లం పసుపుపచ్చగా దిగేది. అనకాపల్లి మార్కెట్లో మా దిమ్మలు చూసి వర్తకులు చెయ్యి వేసి తట్టి, "ఇది ఎవరి పాకమో సెప్పక్కర్లేదు" అనేవారు. నాన్న మీసం తిప్పుకుని ఇంటికొచ్చేవాడు. అమ్మ కాళ్లకి నూనె రాసుకుంటూ ఆ మాట వినేది. పొద్దస్తమానూ మడత పెట్టి కూర్చున్న మోకాళ్లు అవి.

నన్ను నాన్న పోలికని ఊళ్లో అందరూ అనేవారు. పొగడ్త కాదు. అమ్మ మాత్రం ఇద్దరికీ ఒకే వైద్యం. నన్ను నూనెకి పంపాలంటే నూనె తెమ్మని నోటితో చెప్పేది కాదు, ఖాళీ సీసా చేతిలో పెట్టేది. దారిలో నేను కోతి ఆట చూసినా, గుడిసె కప్పుతున్నవాళ్లని చూసినా, సీసా చేతిలో ఉన్నంతసేపూ నూనె నన్ను వదిలేది కాదు. నాన్న చుట్టల డబ్బా పొలం దగ్గర మర్చిపోకుండా ఆయన చెప్పుల మీద పెట్టేది. చెప్పులేసుకోకుండా ఇంటికి రాలేడు కదా. తాళంచెవి మొలతాడుకి. ఏదైనా చెప్పాలంటే ముందు భుజం మీద చెయ్యేసి, మేం తల తిప్పాకే చెప్పేది. ఒకటే చెప్పేది. రెండో పని మొదటిది అయ్యాక. నా చదువు కూడా గానుగ పాకలోనే. "ఈ పిప్పి మోపు పొయ్యిలోకి ఎల్లిపోయిందాకా సదువు. తరవాత ఎగురుకుంటా పో" అనేది. మోపు ఎంతో నాకు కంటికి కనపడేది. ఒక గంట చదవమంటే చచ్చినా చదివేదాన్ని కాదు గానీ, మోపు తరిగేదాకా చదివేదాన్ని. ఇప్పుడు నా ఫోనులో అలారం మోగుతుంది. ఎందుకు మోగుతోందో గుర్తుండదు. ఫోను ఎక్కడుందో అసలే తెలియదు. మోగి మోగి దిండు కింద దానంతట అదే ఊరుకుంటుంది.

ఆ రోజుల్లో మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉండేది, కొన్ని చోట్ల ఇప్పటికీ ఉంది. మా చెరుకు నరకడానికి వాళ్లొస్తే, వాళ్ల చెరుకుకి మేం వెళ్లాలి. కూలి లేదు, బదులుకి బదులు. చెరుకు పని అయిపోయాక అరుగుల మీద కూర్చుని ఎవరింటి నుంచి ఎవరు ఎవరికి బాకీ ఉన్నారో నోటితోనే తేల్చుకునేవారు. పిప్పి ఆరబెట్టిన ముసలమ్మ పని కూడా అందులోకి వచ్చేది. అమ్మ పీట మీద కూర్చోవడం మాత్రం ఎప్పుడూ ఏ లెక్కలోకీ రాలేదు. కూర్చోవడం పనెలా అవుతుంది? పైగా, "దానికేటి, మారాణిలా పీటేసుకుని కూకుంటది" అని మా మేనత్త అనేది. అమ్మ నవ్వేది. నాన్న కూడా నవ్వేవాడు. ఆయన దుర్మార్గుడేం కాదు. అమ్మంటే ప్రాణం. కానీ తన పక్కన ఆ మనిషి ఉన్నందువల్లే తాను పాకగాడని ఆయనకి తెలియదు. గాలి పీలుస్తున్నామని ఎవరికి గుర్తుంటుంది?

అమ్మ వానల్లో జ్వరం వచ్చి పోయింది. ఏ జ్వరమో కూడా తేల్చలేదెవరూ. ఆ ఏడు చెరుకు బాగా పండింది. నాన్న పెనం ఎక్కించి, రసం పోసి, ఈ పీట తెచ్చి ఎప్పుడూ వేసేచోటే వేశాడు. ఎందుకు వేశాడో ఎవరూ అడగలేదు. మొదటి పెనం బాగానే దిగింది. పాకం వంక చూస్తూ మధ్యమధ్య పీట వంక తిరిగి ఏదో గొణుక్కోవడం నేను చూశాను. రెండో పెనం పాకానికి వస్తుండగా ఇంజిను బెల్టు తెగింది. నాన్న వెళ్లాడు. బెల్టు అతికించడంలో పడ్డాడు. ఆ పని ఆయనకిష్టం. పీట ఏమీ అనలేదు. మాడు వాసన మాకు చెరుకు తోట అవతలికి వచ్చింది. అప్పా నేనూ పరిగెత్తేసరికి పెనం నిండా నల్లటి ముద్ద, పొగ. పెనం చుట్టూ ఎగిసిన మంట పీటకి అంటుకుని ఒక పక్క కాలింది. పీట మీద నీళ్లు పోసింది అప్పే. నాన్న పెనం ముందు గొంతుక్కూర్చుని ఇనపకడ్డీతో ఆ ముద్దని గీకుతూ, "అది లేదే. సెప్పీడానికి అది లేదే" అని ఏడ్చాడు. నాన్న ఏడవడం నాకదే మొదలు. కాటికి తీసుకెళ్లిన రోజు కూడా ఏడవలేదాయన.

మర్నాడు పొద్దున్న అప్ప బడికి జడ వేసుకుంది. పుస్తకాల సంచీ తీసింది. గడప దాకా వెళ్లి, గానుగ పాక వంక కాసేపు చూసి, సంచీ మేకుకి తగిలించేసింది. తిన్నగా వెళ్లి కాలిన పీట మీద కూర్చుంది. వెళ్లమని ఎవరూ అనలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. అప్పకి లెక్కలు బాగా వచ్చు, మాస్టారు పట్నం చదువు చదివించండని కబురు పెట్టేవాడు. ఆ ఏడు పదో తరగతి. "నానా, పాకం సూడు" అని ఆ గొంతు వినపడ్డప్పుడు నాకు అమ్మే అనిపించి హాయిగా ఉండింది. చిన్నదాన్ని, నాకు హాయిగా ఉండింది. అప్పకి ఎలా ఉండిందో ఇప్పుడు తలుచుకుంటున్నాను.

నాన్న పోయాక అప్ప ఆ పీట మీంచి లేచి నా పక్కన కూర్చుంది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో చేరాను. నా బతుకులో నేను దర్జాగా చేసిన పని అదొక్కటే. బోర్డు మీద దీపాలు వెలుగుతూ ఉంటే ఒకటి తీసి ఒకటి కలపడం, మాడుగుల హల్వా కొట్టువాణ్ని మద్రాసుతో, బెల్లం వర్తకుణ్ని కలకత్తాతో. క్షణానికొక కొత్త గొంతు. అక్కడ నన్ను పరాకుదానివని ఎవరూ అనలేదు, అందరికన్నా చురుకైనదాన్నన్నారు. తర్వాత యంత్రాలొచ్చి మమ్మల్ని బిల్లుల సెక్షన్లోకి తోశాయి. అక్కడ కాగితాల మధ్య కూర్చోలేక, తప్పుల మీద తప్పులు చేసి, నానా మాటలూ పడ్డాను. పెళ్లి నిలవలేదు, కారణాలు చెప్పుకోవడం అనవసరం. ఉడకని అన్నం, తాళం వెయ్యని తలుపు కూడా అందులో ఉన్నాయి. మధ్యలో పెళ్లయి వెళ్లిన అప్ప అప్పటికి భర్త పోయి, చిన్నవాడు రవితో ఉంది. ముగ్గురం ఈ ఇంట్లో చేరాం. రవి పెద్దవాడై వెళ్లిపోయాక ఇద్దరం. పొద్దున్నే నా బ్యాగు గుమ్మానికి అడ్డంగా పెట్టేది అప్ప, దాన్ని దాటకుండా నేను బయటికి పోలేను. నేను వండుతుంటే కుర్చీ వేసుకుని చిక్కుళ్లు ఒలిచేది. "పాకం సూడు" అనేది, కూర అయినా, పాలయినా. అది మా ఇద్దరి మధ్యా హాస్యం. హాస్యమనే నేననుకున్నాను.

పీట దించాను కదా. తడిగుడ్డతో తుడిచి వంటింట్లో పొయ్యికెదురుగా వేశాను. నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను, పొయ్యి వెలిగితే నేను పీట మీద ఉండాలి, పొయ్యి ఆరాకే లేవాలి. నిజం చెప్పాలంటే డాక్టరమ్మ చెప్పినవాటిలో నాకు పనికొచ్చింది కంటికెదురుగా పెట్టుకునే ఈ రకమే. తాళంచెవి తలుపు గొళ్లేనికే వేలాడుతోంది. మాత్రల సీసా కాఫీ గ్లాసులోనే పెడుతున్నాను, కాఫీ మర్చిపోను కనుక. బీరువా తలుపులు ఊడదీయించేశాను, ఇల్లు కొట్టులా కనపడినా సరే. వీటితో రోజులు కాస్త గాడిన పడ్డాయి. ఒకరోజు పప్పు మాడలేదు, రెండో రోజూ మాడలేదు. నాలో నేనే మురిసిపోతుండగా ఎవరో తలుపు కొట్టారు, కొరియరతను. లేచాను. అతని చేతికి కట్టు ఉంది. ఏమైందని అడిగాను. అంతే.

ఎస్తేరే వచ్చింది మళ్లీ. హాస్టల్లో వంట చేసి మానేసిన మనిషి, భర్త పోయి రెండేళ్లు కాలేదు. "ఏటొదినా, మళ్లీ మాడబెట్టీసేవా?" అంటూ గ్యాస్ కట్టింది. పీట వంక చూసి, సంగతి విని, "దానికేటి, రేపట్నుంచి నేనొచ్చి కూకుంటాను. నువ్వొండుకో" అంది. అని, పీట మీద కూర్చోబోయింది. "దాని మీద కాదు" అని అరిచాను. నా అరుపుకి తను బెదిరింది. మా అమ్మా, మా అప్పా వరసగా కూర్చున్న పీట మీద మూడో ఆడమనిషి కూర్చోవడం నా కళ్లు చూడలేకపోయాయి. కుర్చీ తెచ్చి వేశాను. "ఊరికే వద్దు ఎస్తేరు. బదులు ఉండాలి. నీకేం కావాలో చెప్పు" అన్నాను. తను మాడిన గిన్నెలో నీళ్లు పోసి పక్కన పెట్టింది. అప్పుడు, "సందేల దీపాలేల ఇంట్లో ఉండలేకపోతన్నానొదినా. ఆ ఏలకే పోనాడు ఆయన. ఆ కాసేపు ఎవలైనా ఉంటే బాగుణ్ను" అంది.

ఆదివారం రవి వచ్చాడు. మాడిన పప్పు సంగతి నేనే చెప్పాను. దాచినా గిన్నె చెబుతుంది. ఎస్తేరు కుర్చీలో కూర్చుని చిక్కుళ్లు ఒలుస్తుండగా వండి పెట్టాను, ఏదీ మాడలేదు. వాడు తిన్నాడు. పెట్టె ఏదని అడగలేదు. చెయ్యి కడుక్కుని వచ్చి పీట చూసి, కాలిన అంచుని వేలితో తడిమి, "అమ్మ మా ఇంట్లో ఒక్క రాత్రి కూడా ఉండలేదు పిన్నీ. గృహప్రవేశం నాడు కూడా సాయంత్రం బస్సుకే వచ్చేసింది" అన్నాడు. నిష్ఠూరంగా కాదు, గుర్తొచ్చి అన్నట్టు. నాకెప్పుడూ ఆ అనుమానం రాలేదు. "సముద్రపు గాలి నాకు పడదే" అనేది అప్ప. ఆ మాట నిజమని నమ్మాను. కొడుకు కట్టుకున్న ఇంట్లో ఒక రాత్రి పడుకోవాలని ఏ తల్లికి ఉండదు? నా పొయ్యి కోసం వచ్చేసేది. రవి బస్సు వేళైందని లేచాడు. "చూద్దాం పిన్నీ, ఇంకొన్నాళ్లు చూద్దాం" అన్నాడు. గెలిచినట్టు నాకేమీ అనిపించలేదు.

అప్పుడు ఈ జబ్బు పేరు తెలియదు, మాత్ర లేదు, ఫోను లేదు, మనిషి ఉండేది. ఇప్పుడన్నీ ఉన్నాయి. డాక్టరమ్మ చెప్పిన ఉపాయాలన్నీ మంచివే. ఈ రోగం ఉన్నవాళ్లెవరైనా చదివితే చెబుతున్నాను, సీసా చేతిలో పెట్టుకోండి, బ్యాగు గుమ్మానికి అడ్డం పెట్టుకోండి, సిగ్గుపడకండి. పక్కన కూర్చోమని అడగండి. నోరు తెరిచి అడగండి, బదులు ఇవ్వండి. మా ఇంట్లో అడగడం అనేదే లేదు, ఎవరో ఒకరు కూర్చుండిపోవడమే ఉండేది.

సందేళ పీట చంకన పెట్టుకుని ఎస్తేరు ఇంటికి వెళ్లాను. తను దీపం వేసి, ప్రార్థన చేసుకుని, చింతపండు గింజలు తీస్తూ కూర్చుంది. నేనెదురుగా పీట వేసుకున్నాను. మాటలేం లేవు. కాసేపటికే నా కాళ్లు లాగడం మొదలైంది. మోకాళ్లలో చీమలు పాకుతున్నాయి. మా ఇంటి పెరట్లో బట్టలు ఆరేసి ఉన్నాయని గుర్తొచ్చింది, కుళాయి కట్టానో లేదో అని గుర్తొచ్చింది, ఒకటి తర్వాత ఒకటి అన్నీ ఆ వేళకే గుర్తొచ్చాయి. లేవాలని ఒళ్లంతా కొట్టుకుంటోంది. ఊరికే కూర్చోవడం ఎంత పనో అరవై ఏళ్లు దాటాక నా మోకాళ్లకి తెలిసింది. నా అవస్థ చూసి ఎస్తేరు గింజలు తీయడం ఆపింది.

"నీకింటికాడ పనేటీ నేదా వదినా?"

అమ్మని ఆ మాట ఎవరూ అడగలేదు. అప్పని నేను అడగలేదు.

"ఉంది" అన్నాను. కూర్చునే ఉన్నాను.